రియాక్షన్ టైం 280 వస్తే బుర్ర నెమ్మదని అర్థమా? ఆ అంకె వెనక 200 ఏళ్ల తగువు

అడిగిన ప్రశ్న ఇది: "ఒక యాప్‌లో రియాక్షన్ టైం పరీక్ష చేశాను. తెర ఆకుపచ్చగా మారగానే నొక్కాలి. నాకు సగటున 280 మిల్లీసెకన్లు వచ్చింది, మా తమ్ముడికి 215. నా మెదడు నెమ్మదా? అసలు ఈ అంకె కొలిచేది మనసునా, నరాలనా, వేళ్లనా? దీన్ని సైకాలజీలోకి ఎవరు తెచ్చారు?"

ముందు మీ బెంగ తీరుస్తాను. 280కీ 215కీ మధ్య ఉన్న తేడాలో మీ బుర్ర వాటా ఎంతో ఆ యాప్ చెప్పలేదు. మామూలు ఫోన్ తెర సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది, అంటే ఒక్కో మార్పుకు దాదాపు 17 మిల్లీసెకన్లు. రంగు మార్చమని ప్రోగ్రామ్ చెప్పాక తెర నిజంగా మారేదాకా కొంత, వేలు తగిలాక ఆ కబురు ప్రోగ్రామ్‌కు చేరేదాకా ఇంకొంత పోతుంది. ఈ దండగ ఫోన్‌ను బట్టి మారుతుంది, ఒక్కోసారి పదుల మిల్లీసెకన్ల మేర. ఇద్దరూ ఒకే ఫోన్ మీద చేశారా, ఎన్నేసి సార్లు చేశారు, ఎవరికి ముందే అలవాటుంది అన్నవి తెలియకుండా ఆ 65ను ఎవరి ఖాతాలోనూ వెయ్యలేం.

మనసునా, నరాలనా, వేళ్లనా అన్న మీ రెండో ప్రశ్న దీనికంటే చాలా గట్టిది. నేను చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రం ప్రాక్టికల్స్ చెప్పాను. "ఉద్దీపనకూ ప్రతిస్పందనకూ మధ్య పట్టే కాలమే ప్రతిచర్యా కాలం" అని రికార్డు పుస్తకంలో రాసేసి అందరూ ముందుకు పోతారు. ఆ నిర్వచనం తప్పని కాదు. గడియారం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో అది చెబుతుంది. ఆ మధ్యలో గడిచింది దేని కాలమో చెప్పదు. రెండు శతాబ్దాలుగా శాస్త్రవేత్తలు ఇలాంటి చిన్న కాలపు తేడాలనే కొలుస్తూ, తరానికో పేరు పెడుతూ వచ్చారు. ఒకరికి అది పనివాడి తప్పు, మరొకరికి నరం వేగం, ఇంకొకరికి ఆలోచన నిడివి, ఆ తర్వాతివాళ్లకు తెలివికి గుర్తు, ఆపైన సమాచార ప్రవాహం. కొలిచింది ఆ చిన్న కాలాన్నే. దాని వెనక ఏముందన్న ఊహే మారుతూ వచ్చింది.

మొదట ఇది మనసు గొడవే కాదు, ఖగోళశాస్త్రం గొడవ. ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్ వేధశాలలో నక్షత్రం టెలిస్కోపులోని సన్నని తీగను ఏ క్షణాన దాటిందో రాసుకోవాలి. కన్ను నక్షత్రం మీద, చెవి గడియారం టిక్కుల మీద. ఒక టిక్కు దగ్గర నక్షత్రం తీగకు ఎంత ఇవతల ఉంది, తర్వాతి టిక్కుకు ఎంత అవతల ఉంది చూసి, సెకనులో పదో వంతు దాకా అంచనా కట్టాలి. 1795 ఆగస్టు నుంచి సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్ లెక్కలు, వేధశాల పెద్ద నెవిల్ మాస్కెలిన్ లెక్కల కంటే అర సెకను ఆలస్యంగా రావడం మొదలైంది. చెప్పి చూశారు. తగ్గలేదు సరికదా, 1796 జనవరికల్లా 0.8 సెకనుకు పెరిగింది. ఉద్యోగం ఊడింది.

0.8 సెకను కోసం మనిషిని తీసేయడం మనకు దారుణంగా అనిపిస్తుంది. కానీ ఆ కొలతలతో కట్టే పట్టికలు ఓడల వాళ్లు రేఖాంశం తెలుసుకోవడానికి వాడేవి. భూమి తిరుగుడులో 0.8 సెకను అంటే భూమధ్యరేఖ దగ్గర సుమారు 370 మీటర్లు. మాస్కెలిన్ కళ్లకు అది పని లోపం, అంతే. తన కొలతలోనూ అలాంటిదేదో ఉండి ఉండవచ్చన్న అనుమానం ఆయనకు రాలేదు.

ఆ అనుమానం వచ్చినవాడు కోనిగ్స్‌బర్గ్‌లో ఉన్న ఫ్రెడ్రిక్ బెసెల్. (ఇప్పుడది రష్యాలోని కాలినిన్‌గ్రాడ్.) గ్రీనిచ్ ఉదంతం చదివి, తనను తాను ఇతర ఖగోళ శాస్త్రవేత్తలతో పోల్చుకోవడం మొదలుపెట్టాడు. వాల్బెక్ అనే ఆయనతో పోలిస్తే తేడా 1.041 సెకను, 1823లో ఆర్గెలాండర్‌తో 1.22 సెకను. వీళ్లెవరూ కొత్తగా చేరిన సహాయకులు కారు, అందరూ చెయ్యి తిరిగినవాళ్లే. అంటే ఇది నిర్లక్ష్యం కాదు, ప్రతి పరిశీలకుడికీ తనదైన తేడా ఒకటి ఉంటుంది. దానికి "వ్యక్తిగత సమీకరణం" అని పేరు పడింది. తేడా ఎందుకు వస్తోందన్నది ఖగోళశాస్త్రానికి అక్కర్లేదు. లెక్కలోంచి తీసేస్తే చాలు. అలా పనివాడి తప్పు కాస్తా సరిదిద్దుకోవలసిన ఒక రాశి అయింది. కిన్నెబ్రూక్‌కు మాత్రం అప్పటికే ఆలస్యమైపోయింది.

కోనిగ్స్‌బర్గ్ పేరు గుర్తుపెట్టుకోండి, ఈ కథలో అది మూడుసార్లు వస్తుంది. బెసెల్ కంటే ముందు అదే ఊళ్లో తత్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్ ఉండేవాడు. లోపలి అనుభవాలకు గణితం వర్తించదు గనక మనసును గురించిన చదువు నిఖార్సైన ప్రకృతి శాస్త్రం కాలేదని 1786లో తేల్చేశాడు. మనసుకు పొడవు వెడల్పులు లేవు, ఉన్నదల్లా కాలం అనే ఒక్క దిశ, దాంతో ఏ శాస్త్రం కడతాం అన్నది ఆయన వాదం. తమాషా ఏమిటంటే, తర్వాతి వాళ్లు సరిగ్గా ఆ ఒక్క దిశనే పట్టుకున్నారు.

మూడోసారి వచ్చేది హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్. 1849లో శరీరధర్మశాస్త్రం చెప్పడానికి కోనిగ్స్‌బర్గ్ వచ్చాడు. ఆయన గురువు యోహనెస్ ముల్లర్, నరంలో ప్రేరణ ఎంత వేగంగా పోతుందో మనం ఎన్నటికీ కొలవలేమన్నాడు. శిష్యుడు కప్ప కాలి కండరాన్ని, దానికి అంటుకుని ఉన్న నరాన్ని తీసుకుని, నరానికి ఒకసారి కండరం దగ్గరగా, ఒకసారి దూరంగా విద్యుత్ ఘాతం ఇచ్చాడు. రెండుసార్లూ కండరం ముడుచుకోవడానికి పట్టే సమయం ఒకటే, పరికరం ఆలస్యమూ ఒకటే. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది అదనపు నరం ముక్కను దాటడానికి పట్టిన కాలం. సెకనులో వెయ్యో వంతు ఒకటో రెండో. వేగం సెకనుకు 24.6 నుంచి 38.4 మీటర్ల మధ్య తేలింది. కొలతలు రాసుకుంటూ పక్కన సాయం చేసింది ఆయన భార్య ఓల్గా.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను. యక్షప్రశ్నల్లో "గాలికంటే వేగమైనది ఏది?" అంటే ధర్మరాజు "మనసు" అంటాడు. హెల్మ్‌హోల్ట్స్ కప్ప నరం వేగం గంటకు 100 కిలోమీటర్ల అటూఇటూ. 2014 అక్టోబరులో విశాఖను తాకిన హుద్‌హుద్ గాలులు గంటకు 170–180 కిలోమీటర్లు! నరం ఓడిపోయింది. మనిషి నరాల్లో వేగం ఇంకాస్త ఎక్కువ, ఆ తుపానుకు కాస్త అటూఇటూగా సమానం. ధర్మరాజు చెప్పింది తప్పని కాదు, ఆయన మాట్లాడింది కాశీని తలచుకోగానే కాశీలో ఉండే మనసు గురించి, తంతిలో పోయే ప్రేరణ గురించి కాదు. కానీ 1850లో యూరప్‌లో చదువుకున్నవాళ్లకు తగిలిన దెబ్బ ఇదే. తలచుకోవడానికీ వేలు కదలడానికీ మధ్య ఖాళీ లేదనుకున్న చోట, గడియారం పెట్టి కొలవగల ఖాళీ బయటపడింది. తిమింగలం తోకకు బల్లెం తగిలితే దానికి తెలియడానికే దాదాపు ఒక సెకను పడుతుందని హెల్మ్‌హోల్ట్స్ ఉపన్యాసంలో చెప్పేవాడు.

ఆయన మనుషుల మీద కూడా ప్రయత్నించాడు. చర్మం మీద ఒకసారి మెదడుకు దగ్గరగా, ఒకసారి దూరంగా తేలికపాటి షాక్ ఇచ్చి, తెలియగానే చెయ్యి కదపమన్నాడు. అంకెలు నిలకడగా రాలేదు. మనిషి శ్రద్ధ తప్పితే కాలం సాగిపోయేది. నరం వేగం కావలసినవాడికి ఈ నిలకడలేనితనం విసుగు పుట్టించింది, వదిలేశాడు. ఆ విసుగులోనే మనసు దాగుందని గ్రహించినవాడు నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో కంటి డాక్టరు, ఫ్రాన్సిస్ డోండర్స్.

నన్నడిగితే ఈ కథ మొత్తానికీ నడుమ నిలబడవలసినవాడు ఆయనే. మన పాఠ్యపుస్తకాలు లైప్‌జిగ్‌లో మనస్తత్వ ప్రయోగశాల పెట్టిన ఊంట్‌కు వేసే పెద్దపీట డోండర్స్‌కు దక్కాలి. ఆయన ఆలోచన ఇది. హెల్మ్‌హోల్ట్స్ ఒక నరం ముక్కను అదనంగా చేర్చి తేడా కొలిచాడు కదా, నేను ఒక ఆలోచనను అదనంగా చేర్చి తేడా కొలుస్తాను. ఆయన విద్యార్థి డి యాగర్ 1865లో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలోనే ఇది మొదలైంది. కుడి పాదానికి గానీ ఎడమ పాదానికి గానీ చిన్న షాక్ తగులుతుంది, ఏ వైపు తగిలితే ఆ వైపు చెయ్యి కదపాలి. ఏ పాదమో ముందే తెలిస్తే ఒక కాలం, తెలియకపోతే ఇంకాస్త ఎక్కువ. ఆ ఎక్కువ, సెకనులో పదిహేనో వంతు. ఆ పదిహేనో వంతు సెకనే, ఏ వైపో పోల్చుకుని ఏ చెయ్యో నిర్ణయించుకోవడానికి మనసుకు పట్టిన సమయం అన్నాడు డోండర్స్.

1868 వ్యాసంలో దీన్ని ఇంకా పదును పెట్టాడు. ఎదుటి మనిషి "కి" అంటే "కి" అనాలి, ఏమంటాడో ముందే తెలుసు: ఇది ఎ. ఎదుటివాడు ఏ అక్షరమైనా అనొచ్చు, ఏదంటే అదే తిరిగి అనాలి: ఇది బి. ఏదైనా అనొచ్చు గానీ "కి" అంటేనే పలకాలి, తక్కినవాటికి నోరు మెదపకూడదు: ఇది సి. సి లోంచి ఎ తీసేస్తే గుర్తుపట్టడానికి పట్టిన కాలం, దాదాపు 36 వెయ్యో వంతులు. బి లోంచి సి తీసేస్తే జవాబు ఎంచుకోవడానికి పట్టిన కాలం, దాదాపు 47. చంటిబిడ్డను ఎత్తుకుని తూకం మీద నిలబడి, బిడ్డను దించి మళ్లీ నిలబడి, తేడా చూసి బిడ్డ బరువు చెప్పడం లాంటిదే ఈ లెక్క. బిడ్డను విడిగా తూచలేదు. అయినా బరువు తెలిసింది.

మీ యాప్‌లోని 280 ఎ రకం అంకె. అందులో కన్నూ, నరాలూ, కండరమూ, ఫోనూ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. డోండర్స్ అయితే ఆ ఒక్క అంకెతో మనసు గురించి ఏమీ చెప్పేవాడు కాదు. రెండో అంకె ఏదని అడిగేవాడు.

1879లో లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ ఊంట్ ప్రయోగశాల మొదలైంది. అక్కడ తొలి రోజుల్లో ప్రధానమైన పని ఈ తీసివేతలే. ఊంట్ అంతకుముందు హైడెల్‌బర్గ్‌లో హెల్మ్‌హోల్ట్స్ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడు, పరికరాలన్నా కాలమన్నా మోజు అక్కడే అంటుకుని ఉంటుంది. సెకనులో వెయ్యో వంతు చూపే హిప్ క్రోనోస్కోపు పెట్టుకుని, గుర్తించడానికి ఇంత, పోల్చుకోవడానికి ఇంత, గుర్తుచేసుకోవడానికి ఇంత అని పట్టికలు కట్టారు. పనికొచ్చేవీ కొన్ని తేలాయి. రంగును చూసి దాని పేరు చెప్పడం కంటే రాసి ఉన్న మాటను చదవడానికి తక్కువ సమయం పడుతుందని 1886లో జేమ్స్ మెకీన్ కాటెల్ చూపించాడు, ఈనాటికీ అది నిలబడి ఉంది. కానీ ఆ సహనాన్ని అందరూ మెచ్చుకోలేదు. ఇలాంటి పద్ధతి విసుగంటే తెలియని జనం ఉన్న దేశంలో తప్ప పుట్టదని విలియం జేమ్స్ 1890లో చురక వేశాడు.

చురక కంటే పెద్ద దెబ్బ సొంత ఇంట్లోంచే వచ్చింది. 1888లో ఊంట్ శిష్యుడు లుడ్విగ్ లాంగె, ఒకే మనిషికి ఒకే పని ఇచ్చి శ్రద్ధ మాత్రం మార్పించాడు. రాబోయే శబ్దం మీద మనసు పెడితే ఒక అంకె, కదపబోయే చేతి మీద మనసు పెడితే దానికంటే సుమారు పదో వంతు సెకను తక్కువ! డోండర్స్ తూచిన ఆలోచనలే 36, 47 వెయ్యో వంతులు. కేవలం ఎటు చూస్తూ సిద్ధంగా ఉన్నాం అన్నదానికే 100 తేడా వస్తుంటే, ఆ చిన్న తేడాలను నమ్మేదెట్లా?

1893లో ఊంట్ దగ్గరే చదివిన ఓస్వాల్డ్ క్యుల్పె దీన్ని సూత్రంగా చెప్పాడు. పని మారితే మధ్యలో ఒక మెట్టు చేరడం మాత్రమే జరగదు, మొత్తం పనే వేరే పని అవుతుంది. బిడ్డను ఎత్తుకున్నందుకు తల్లి బరువు మారదు గనక తూకం లెక్క చెల్లింది. "కి" అంటేనే పలకాలి అని చెవులు రిక్కించుకుని కూర్చున్న మనిషి, ఏదైనా పలకొచ్చని కూర్చున్న మనిషి ఒకే రకంగా వింటున్నారని ఎవరు హామీ ఇస్తారు? ఆ హామీ ఈ రోజుకీ ఎవరూ ఇవ్వలేదు.

మీరు అడిగిన "నా మెదడు నెమ్మదా" అన్న ఊహ ఇంకో దారిలో వచ్చింది, లండన్ దారి. 1884లో అక్కడ జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య ప్రదర్శనలో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక కొలతల శాల తెరిచాడు. మూడు పెన్నీలు కడితే ఎత్తు, బరువు, పిడికిలి బలం, చూపు లాంటివి కొలిచి చీటీ ఇచ్చేవారు. 9,337 మంది కొలిపించుకున్నారు. తర్వాతి ఏళ్లలో ప్రతిచర్యా కాలం కూడా ఆయన కొలతల్లో చేరింది. ఇక్కడ చూపు పూర్తిగా మారిపోయింది. డోండర్స్‌కు కావలసింది మనసు ఎలా పనిచేస్తుందన్నది, మనుషుల మధ్య తేడా ఆయనకు అడ్డంకి. గాల్టన్‌కు కావలసిందే మనుషుల మధ్య తేడా. వేగం ఉన్నవాడు మేలురకం అన్న ఊహ దాని వెనక ఉంది. వంశాలను మెరుగుపరచాలన్న ఆయన ఇతర ఆలోచనలతో కలిపి చదివితే ఇది అంత అమాయకంగా కనిపించదు.

ఆ ఊహను అమెరికా తీసుకెళ్లింది, లైప్‌జిగ్‌లో చదివి గాల్టన్ ప్రభావంలో పడిన పైన చెప్పిన కాటెలే. కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు ఈ పరీక్షలన్నీ పెట్టాడు. 1901లో ఆయన విద్యార్థి క్లార్క్ విస్లర్ కొత్తగా వచ్చిన సహసంబంధం లెక్క (రెండు కొలతలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పేది; సున్నా అంటే సంబంధం లేదు, 1 గానీ –1 గానీ అంటే పూర్తి సంబంధం, మైనస్ అంటే ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గుతుంది) వేసి చూస్తే, ప్రతిచర్యా కాలానికీ తరగతి మార్కులకూ సంబంధం –0.02. అంటే ఏమీ లేనట్టే. నాలుగేళ్లకు పారిస్‌లో బినే, సైమన్ వేరే రకం పరీక్ష తెచ్చారు. వేగం పక్కకు పోయి, ప్రశ్నలూ చిక్కుముడులూ వచ్చాయి.

కథ అక్కడితో అయిపోయిందని చాలామంది రాస్తారు. అయిపోలేదు. విస్లర్ ఒక్కొక్కరికి కొద్దిసార్లే కొలిచాడు, పైగా అందరూ ఏరికోరి తీసుకున్న కాలేజీ కుర్రాళ్లు. 2001లో అచ్చయిన ఒక అధ్యయనంలో పశ్చిమ స్కాట్లండ్‌కు చెందిన 900 మంది మధ్యవయస్కుల్లో కొలిస్తే, తెలివితేటల పరీక్షతో సాదా ప్రతిచర్యా కాలానికి –0.31, నాలుగింట్లో ఒకటి ఎంచుకునే కాలానికి –0.49 వచ్చింది. కాబట్టి సంబంధం ఉంది. కానీ –0.31 గుంపుల గురించి మాట్లాడటానికి పనికొస్తుంది, మీ గురించీ తమ్ముడి గురించీ తీర్పు చెప్పడానికి కాదు. ఎంపిక చేరగానే సంబంధం బలపడటం కూడా చూడండి, డోండర్స్ సాదా అంకెను నమ్మకపోవడం సబబే అనిపిస్తుంది. ఇంకో మాట: విక్టోరియా కాలంవాళ్ల కంటే మనం నెమ్మదించాం, అంటే తెలివి తగ్గింది అని 2013లో ఒక పత్రం గాల్టన్ అంకెలతో వాదించింది. వార్తల్లో బాగా తిరిగింది. గాల్టన్ కొలతకు వాడిన లోలకానికీ ఈనాటి కంప్యూటర్‌కూ మధ్య తేడానే అది ఎందుకు కాకూడదని విమర్శకులు అడిగారు. మీ ఫోన్ గొడవ లాంటిదే, కాస్త పెద్ద ఎత్తున.

మన దేశానికి ఈ కొలత వచ్చిన దారి కూడా లైప్‌జిగ్ నుంచే. ఊంట్ శిష్యుడు మున్‌స్టర్‌బర్గ్ హార్వర్డ్ వెళ్లాడు, ఆయన దగ్గర చదివిన ఎన్.ఎన్. సేన్‌గుప్తా 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్ర విభాగాన్ని నడిపించాడు. ఆ తర్వాత దేశమంతా ప్రాక్టికల్ పుస్తకాల్లో ప్రతిచర్యా కాలం ఒక పాఠమై కూర్చుంది. చాలా చోట్ల అది ఎందుకుందో ఎవరూ చెప్పరు, కొలిచి సగటు కట్టి సంతకం చేయించుకుంటారు.

1913లో జాన్ వాట్సన్ మనసు అన్న మాటే శాస్త్రానికి అక్కర్లేదన్నాక, అమెరికాలో దశాబ్దాల పాటు ఈ తీసివేతల మీద ఎవరికీ పెద్ద ఆసక్తి లేదు. మళ్లీ ఊపిరి పోసింది టెలిఫోన్ ఇంజినీర్ల లెక్క. 1948లో క్లాడ్ షానన్ సమాచారాన్ని బిట్లలో (అవునా, కాదా అన్న ఒక్కో ఎంపిక ఒక బిట్) కొలిచే పద్ధతి ఇచ్చాడు. 1952లో కేంబ్రిడ్జ్‌లో విలియం హిక్, మనిషిని కూడా ఒక సమాచార మార్గంగా చూశాడు. దీపాలు ఎన్ని ఉంటే అన్ని మీటలు, వెలిగినదాని మీట నొక్కాలి. దీపాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కాలం దాదాపు ఒకే మోతాదులో పెరిగింది. 1885లో మెర్కెల్ అనే జర్మన్ సేకరించిన పాత అంకెలు కూడా అదే గీత మీద పడ్డాయని హిక్ చూపించాడు. డెబ్బై ఏళ్లు పట్టికలో పడున్న అంకెలు, కొత్త ఊహ రాగానే ఒక్కసారిగా అర్థవంతమయ్యాయి! కొలతలు ఎక్కువ కాలం బతుకుతాయి, ఊహలే మారిపోతాయి అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అయితే ఆ సూత్రానికీ చిల్లు పడింది. 1959లో లెనర్డ్ అనే పరిశోధకుడు దీపాలు తీసేసి, వేళ్ల కింద ఉన్న మీటలనే అదిరేలా చేశాడు. ఏ వేలి కింద అదిరితే ఆ వేలే నొక్కాలి. ఎన్ని మీటలున్నా కాలం పెద్దగా పెరగలేదు. అదిరిన వేలికి ఏం చెయ్యాలో వెతుక్కోవలసిన పని లేదు మరి. లెక్కకు వచ్చేది బిట్ల సంఖ్య ఒక్కటే కాదు, చూసినదానికీ చెయ్యవలసినదానికీ మధ్య పొత్తు ఎంత సహజంగా ఉందన్నది కూడా.

1966లో బెల్ ల్యాబ్స్‌లో సాల్ స్టెర్న్‌బర్గ్ అంకెలాట ఆడించాడు. ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు గుర్తుపెట్టుకోమంటాడు, తర్వాత ఒక అంకె చూపించి అది జాబితాలో ఉందా లేదా అంటాడు. జాబితాలో ఒక్కో అంకె పెరిగేకొద్దీ జవాబుకు సుమారు 38 మిల్లీసెకన్లు పెరిగింది. అంటే మనసు ఒక్కోదాన్నీ వరసగా చూసుకుంటూ పోతోందన్నమాట. "ఉంది" అనే జవాబుకూ "లేదు" అనే జవాబుకూ ఒకే పెరుగుదల, దొరికాక కూడా జాబితా చివరిదాకా పోతోందని ఆయన వాదన. ఇది కంప్యూటర్ ప్రోగ్రామ్‌ల కాలం, మనసులో కూడా ప్రోగ్రామ్ మెట్లు కనిపించడంలో ఆశ్చర్యం లేదు. డోండర్స్ వ్యాసానికి నూరేళ్లు నిండిన సందర్భంగా 1968లో ఐండ్‌హోవెన్‌లో సదస్సు జరిగితే, క్యుల్పె అభ్యంతరాన్ని తప్పించుకునే దారి ఒకటి స్టెర్న్‌బర్గ్ అక్కడ చూపించాడు. మెట్టును తీసేయొద్దు, ఉన్న మెట్టును కాస్త కష్టం చేసి చూద్దాం. రెండు రకాల కష్టాలు కలిపి పెట్టినప్పుడు కాలాలు సాదాగా కూడితే, అవి రెండు వేర్వేరు మెట్ల మీద పనిచేస్తున్నాయనుకోవచ్చు. ఒకదాన్ని ఒకటి పెంచితే, ఒకే మెట్టు. నేను చూసినంతలో మొత్తం రెండు వందల ఏళ్లలో ఇదే అన్నిటికంటే తెలివైన ఎత్తు.

వరసగానా, ఒక్కసారిగానా అన్న ఈ తగువు మనవాళ్లకు కొత్తది కాదు. ఒకే క్షణంలో రెండు జ్ఞానాలు పుట్టకపోవడమే మనసు ఉందనడానికి గుర్తు అని మన తర్కశాస్త్రమైన న్యాయదర్శనానికి మూలగ్రంథం, న్యాయసూత్రం అంటుంది. చూడటం, వినడం, వాసన ఒక్కసారే జరుగుతున్నట్టు ఉంది కదా అంటే, నూరు తామర రేకులను పేర్చి సూదితో పొడిస్తే ఒక్కసారే దిగినట్టు ఉంటుంది, కానీ ఒకదాని తర్వాత ఒకటే కదా అని నైయాయికుల (ఆ దర్శనం వాళ్ల) సమాధానం. ఇది చూసి "మనకు ముందే తెలుసు" అని చంకలు గుద్దుకోనక్కర్లేదు, ఎందుకంటే అది వాదం, కొలత కాదు. కొలత వచ్చాక కూడా తగువు తెగలేదు, అదీ అసలు సంగతి. 1970ల మొదట్లో జేమ్స్ టౌన్సెండ్, అన్నిటినీ ఒకేసారి చూసే యంత్రం కూడా పని పెరిగేకొద్దీ నెమ్మదిస్తే సరిగ్గా స్టెర్న్‌బర్గ్ గీతనే ఇస్తుందని గణితంతో నిరూపించాడు. సగటు కాలం ఒక్కటే చూసి సూది ఎలా దిగిందో చెప్పలేం.

ఇక మెదడు బొమ్మల సంగతి. "ఫలానా పని చేసేటప్పుడు మెదడులో ఈ భాగం వెలిగింది" అని వార్తల్లో చదువుతుంటారు. 1988లో సెయింట్ లూయిస్‌లో పీటర్సన్, పోస్నర్, రైకల్ ప్రభృతులు మెదడులో రక్తప్రసరణను చూపే పెట్ స్కాన్‌తో ఏం చేశారో చూడండి. మాటను ఊరికే చూడటం, చూసి పైకి అనడం, దానికి తగిన క్రియ చెప్పడం. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి మిగిలినదాన్ని బొమ్మ గీశారు. డోండర్స్ ఎ, బి, సి లే, మిల్లీసెకన్ల బదులు రక్తప్రసరణ. క్యుల్పె అభ్యంతరం కూడా ఆ బొమ్మలతో పాటే వెంట వచ్చింది, 1996లో ఫ్రిస్టన్ బృందం దాన్నే మళ్లీ లేవనెత్తింది. వెలిగిన భాగం అంటే తీసివేత తర్వాత మిగిలిన భాగం. దేంట్లోంచి దేన్ని తీసేశారో వార్త చెప్పకపోతే ఆ బొమ్మకు అర్థం లేదు.

గ్రీనిచ్ దెయ్యం కూడా మళ్లీ వచ్చింది. 1983లో బెంజమిన్ లిబెట్, చెయ్యి కదపాలని ఎప్పుడు అనిపించిందో తిరిగే చుక్క ఉన్న గడియారం చూసి చెప్పమన్నాడు. అనిపించడానికి ముందే మెదడులో విద్యుత్ సన్నాహం మొదలైందని తేలి, స్వేచ్ఛ అనేది ఉందా అన్న చర్చ రేగింది. కానీ లోపలి అనుభవాన్ని కదిలే చుక్కతో సరిపోల్చడమంటే కన్నుతో నక్షత్రాన్ని, చెవితో టిక్కును సరిపోల్చడమే. కిన్నెబ్రూక్ ఉద్యోగం పోగొట్టుకున్నది అక్కడే. ఆ లోతులోకి వెళ్తే ఇది వేరే జవాబు అవుతుంది, వదిలేస్తున్నాను.

ఇప్పుడు మీ పని. ఫోన్‌ను పక్కన పెట్టండి. బట్టల కొట్టులో వాడే మీటరు బద్ద లాంటివి రెండు సంపాదించండి. ముందు ఒకటే బద్ద: తమ్ముడు పై కొస పట్టుకోవాలి, మీరు సున్నా దగ్గర బొటనవేలూ చూపుడువేలూ తెరిచి ఉంచాలి, వదలగానే పట్టుకోవాలి. వదిలే క్షణం ముందే తెలియకూడదు. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే 0.20 సెకను, 30 దగ్గర అయితే 0.25. పరుగుపందేల్లో తుపాకీ పేలాక 0.100 సెకను లోపు కదిలితే ముందుగా ఊహించి దూకినట్టే లెక్క. 2022 ప్రపంచ పోటీల్లో డెవన్ అలెన్‌ను 0.099కే పక్కన పెట్టారు. కాబట్టి 5 సెంటీమీటర్ల దగ్గరే పట్టేసుకుంటే అది వేగం కాదు, అదృష్టం. దాన్ని కొట్టేయండి. అలవాటు పడేదాకా వచ్చినవి లెక్కించొద్దు, ఆ తర్వాత ఓ ఇరవై సార్లు చేసి సగటు బదులు మధ్య విలువ తీసుకోండి, ఒకటి రెండు పరధ్యానపు అంకెలు సగటును లాగేస్తాయి.

తర్వాత తమ్ముడు రెండు చేతుల్లో రెండు బద్దలు పట్టుకుని, ఏదో ఒకటి వదలాలి. మీరు ఆ వైపు చేత్తోనే పట్టుకోవాలి. ఇది డోండర్స్ బి. ఆపైన ఏదైనా వదలొచ్చు గానీ కుడిది పడితేనే పట్టుకోవాలి, అది సి. మొదటిది 20 సెంటీమీటర్ల దగ్గర, రెండోది 35 దగ్గర తేలితే కాలాలు 0.202, 0.267. తేడా 0.065, ఉట్రెక్ట్ పాదాల ప్రయోగంలో వచ్చిన పదిహేనో వంతు సెకనుకు దగ్గరే. తర్వాత స్థానాలు మార్చుకుని తమ్ముడికీ ఇదే వరసలో చేయించండి. మీ ఇద్దరినీ పోల్చాలనుకుంటే మొదటి అంకెలను కాదు, ఈ తేడాలను పోల్చండి. సి అంకె ఎ, బి ల మధ్య పడకుండా బి ని దాటిపోతే కంగారుపడి కొట్టేయకండి, క్యుల్పె చెప్పిన చిక్కు మీ ఇంట్లోనే కనిపించిందన్నమాట, అంకెలన్నీ ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాయండి, చూద్దాం.